కలిపి రాసిన రెండేళ్ళు

"దిక్కులేని పిల్లలకి కడుపునిండా పెట్టి, నా మనవడి పేరున ప్రార్థన చేయిస్తే తప్పేంటంట?" సువార్తమ్మ అల్లం తొక్కు గీరుతూ మూడోసారి అడిగింది.

"తప్పన్లేదత్తయ్యా, వద్దన్నా." మెర్లిన్ దోసె తిరగేసింది. అది అప్పటికే మాడింది.

వచ్చే ఆదివారం బెన్నికి పద్దెనిమిదేళ్ళు నిండుతాయి. ఆ రోజు భోజనాలు మెర్లిన్ నడిపే హోమ్‌లోనే పెట్టాలని సువార్తమ్మా, ఆమె కొడుకు రత్నబాబూ ముందే అనుకున్నారు. బిర్యానీ వండేవాడితో మాట్లాడటం కూడా అయిపోయింది. మెర్లిన్‌కి చెప్పడమే మిగిలితే, నిన్న రాత్రి చెప్పారు.

"ఊళ్ళో వాళ్ళంతా మీ హోమ్‌కొచ్చి బర్త్‌డేలు చేసుకుంటారు. మనింటి పిల్లాడికి చెయ్యకూడదా?" పురుగుమందుల కొట్టు తాళాలు వెతుక్కుంటూ రత్నబాబు అన్నాడు.

"ఊళ్ళో వాళ్ళని ఆపలేక ఊరుకుంటున్నా. వాళ్ళు తెచ్చే బియ్యం కావాలి గనక. నా కొడుక్కి ఆ పిల్లలు చప్పట్లు కొట్టక్కర్లేదు."

"నాకూ వద్దు నాన్నా. ఫ్రెండ్సంతా గరికపాడు ధాబాకి పోదామంటున్నారు" అన్నాడు బెన్ని, ఫోన్లోంచి తలెత్తకుండా.

"ఆ ధాబాల్లో కప్పులు కడగలేక పారిపోయొచ్చినోళ్ళనేరా అమ్మ మేపేది" అని ఆమని కిసుక్కున నవ్వింది. తొమ్మిదో తరగతి పిల్ల. ఎవరూ నవ్వకపోయేసరికి జడ అల్లుకోవడం మొదలుపెట్టింది.

మెర్లిన్ స్టవ్ కట్టేసింది. "ఇవాళ మా హోమ్‌లో వీరేంద్రకి పద్దెనిమిది, ఇక వాణ్ణి అక్కడ ఉంచనివ్వరు. అది తెలుసా మీకెవరికైనా?"

రత్నబాబు వెతకడం ఆపాడు. "మళ్ళీ మొదలెట్టకు. వయసొచ్చిన ఆడపిల్లున్న ఇంట్లో వాడ్ని పెట్టుకోలేనని పోయిన నెలే చెప్పా."

"నన్నెందుకు నాన్నా అడ్డం పెడతావ్?" అంది ఆమని.

రత్నబాబు మళ్ళీ తాళాలు వెతకడంలో పడ్డాడు. మెర్లిన్ మాడిన దోసె తన కంచంలోనే వేసుకుని, నిలబడే రెండు ముక్కలు నమిలి, బండి తాళం తీసుకుని బయటికి నడిచింది. వెనక నుంచి సువార్తమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. "ఊరందరికీ అక్కంట. ఇంట్లో మాత్రం మాటకి మాట."

హోమ్ పాత మిర్చి గోడౌన్ పైఅంతస్తులో ఉంది. గోడౌన్ మూతబడి చాలా కాలమైనా గోడలు ఇంకా ఘాటు వదులుతుంటాయి. కొత్తగా వచ్చినవాడు మొదటి రాత్రంతా తుమ్ముతాడు. మెర్లిన్ వాడి పేరడగదు, ఊరడగదు. అన్నం పెట్టి, పడుకోబెట్టి, తెల్లారాక అడుగుతుంది. లారీలు దిగినవాళ్ళు, తండ్రి బెల్టుకి జడిసి బస్సెక్కినవాళ్ళు, తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఇల్లు పరాయిదైనవాళ్ళు. నలభై ఎనిమిదేళ్ళ మెర్లిన్‌కి మోకాళ్ళు అరిగాయి, మడమలు పగిలాయి, గొంతు బొంగురుపోయింది. చూసినవాళ్ళు ఓపికగల మనిషి అంటారు. అది ఓపిక కాదని ఆమెకి తెలుసు. రోజంతా కోపాన్ని పళ్ళ మధ్య పట్టుకుని ఉంటే ముఖం అలాగే కనిపిస్తుంది.

వీరేంద్ర మెట్ల దగ్గరే తయారుగా ఉన్నాడు. సన్నటి మెడ, దొప్ప చెవులు, పెదవి మీద ఇంకా నూగు. చొక్కా చేతులు పొట్టివైపోయి మణికట్లు బయటికొచ్చాయి. ఎదుగుతున్న పిల్లాడి మణికట్లు. పద్దెనిమిది నిండినవాడివని ఎవరైనా అంటే ఆ మణికట్లు చూపించాలనిపించింది ఆమెకి.

ఇద్దరూ నందిగామ బస్సెక్కారు.

పిల్లల సంరక్షణ ఆఫీసులో ఆఫీసరు మెర్లిన్ కంటే చాలా చిన్న. కుర్చీ వేయించింది, మంచినీళ్ళు తెప్పించింది. ఆ మర్యాద వల్లే మెర్లిన్‌కి గట్టిగా మాట్లాడటం కుదరలేదు.

"పద్దెనిమిది నిండినవాడు చిన్నపిల్లల మధ్య ఉండకూడదు మేడమ్. ఈ సాయంత్రానికి పంపించేయాలి. పెద్దపిల్లల హాస్టల్లో ఖాళీ వస్తే నేనే ఫోన్ చేస్తా."

"వీడికి పద్దెనిమిది లేవండీ. పదహారు. కాగితంలో రెండేళ్ళు ఎక్కువ పడ్డాయి."

"ఎలా పడ్డాయి?"

"నేనే వేయించా."

ఆఫీసరు పెన్ను కింద పెట్టింది. పక్కనే వీరేంద్ర తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

"టెన్త్ ప్రైవేటుగా కట్టించాలంటే పద్నాలుగు నిండాలన్నారు. వీడికి అప్పటికి పన్నెండు. పుట్టిన తేదీ వీడికి తెలీదు, చెప్పేవాళ్ళు లేరు. ఏదో ఒకటి రాయాలిగా. కలిపి రాయించా."

"రెండేళ్ళు ఆగి కట్టించొచ్చుగా మేడమ్?"

దానికి మెర్లిన్ దగ్గర జవాబు ఉంది. వాడి ఎదురుగా అనలేకపోయింది.

ఆఫీసరు గొంతు తగ్గించింది. "మీరంటే మాకు గౌరవం, అందుకే చెప్తున్నా. తెలిసే తప్పు వయసు ఇచ్చానని మీరు సంతకం పెట్టి రాసివ్వండి. వీడు మళ్ళీ చిన్నపిల్లాడు అయిపోతాడు, ఉంచుకోవచ్చు. కానీ హోమ్ నడిపేవాళ్ళే అలా రాసిచ్చాక హోమ్ గుర్తింపు ఉంటుందో పోతుందో నేను చెప్పలేను. మిగతా పిల్లల్ని కూడా చూసుకోండి."

తెల్ల కాగితం ఆమె ముందుకి జరిగింది. మెర్లిన్ పెన్ను తీసుకుంది. గోడౌన్లో వరసగా పరిచిన చాపలు గుర్తొచ్చాయి. ఆ చాపల మీది పిల్లలందరినీ ఎవరు ఎక్కడికి చెదరగొడతారో తెలియదు. ఆఫీసు బయట రోడ్డు మీద లారీల హారన్లు వినిపిస్తున్నాయి. పెన్ను అలాగే చేతిలో ఉంది. రాయలేదు.

"పద అక్కా, బస్సు పోద్ది" అన్నాడు వీరేంద్ర లేచి.

బస్సులో కిటికీ పక్క సీటు వాడిదే. కంచికచర్ల వైపు నుంచి వచ్చిన పత్తి బస్తాల లారీ ముందు నడుస్తుంటే బస్సు దాని వెనకే పాకుతోంది.

"మా అమ్మ చెప్పేదిలే అక్కా. మిరపకాయ కోతల్లో పుట్టానంట నేను. ఏ సంవత్సరం కోతలో మాత్రం చెప్పలా." లారీ మీది బస్తాలు చూస్తూ, "అయినా ఆ రెండేళ్ళు ఎక్కడ్నించి పట్టుకొచ్చావ్? నీ వయసులోంచి తీసిచ్చావా? మరి నువ్వు చిన్నదానివి కాలేదేం?" అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. "ఆగలేకపోయాన్రా. నువ్వు ఉండవనుకున్నా. వచ్చిన ప్రతివాడూ నాలుగు నెలలకి గోడ దూకేవాడు. నువ్వూ పోతావు, పోయేలోపు టెన్త్ సర్టిఫికెట్టయినా చేతిలో పెడదామనుకున్నా."

వీరేంద్ర ఆమె వైపు తిరిగాడు. మొదటిసారి వాడి ముఖం దెబ్బ తగిలినట్టయింది.

"నేను పోతాననుకున్నావా?"

"ఊఁ."

"లెక్కల్లో రెండుసార్లు తప్పినా ఉన్నాగా."

"ఉన్నావు."

వాడు మళ్ళీ కిటికీలోంచి బయటికి చూశాడు. జగ్గయ్యపేటలో బస్సు దిగి ఇద్దరూ హోమ్‌కి వచ్చారు.

మెట్ల కింద తెల్లకారు నిలబడి ఉంది. మధ్యాహ్నం భోజనాలు పెట్టించేవాళ్ళు. వత్సవాయి వాళ్ళే, హైదరాబాద్‌లో వ్యాపారం. ఐదేళ్ళ పాప పుట్టినరోజు. హాలంతా బెలూన్లు. పిల్లలు తలలు దువ్వుకుని వరసగా కూర్చున్నారు. అన్నం, కోడికూర గిన్నెల్లో మూతలకింద ఉన్నాయి. కేక్ కోసేదాకా వడ్డించరు. చిన్నవాళ్ళు మూతల వైపే చూస్తున్నారు.

"అందరూ గట్టిగా చప్పట్లు కొట్టాలి, సరేనా? వీడియోలో రావాలి" అంటోంది పాప తల్లి. పాప మాత్రం భయపడి తండ్రి ప్యాంటు పట్టుకుంది.

"ముందు అన్నాలు పెట్టించండమ్మా" అంది మెర్లిన్.

"రెండు నిమిషాలండీ. ఈ పిల్లలకి మాత్రం రోజూ ఎక్కడ దొరుకుద్ది, ఎంజాయ్ చెయ్యనీండి."

పళ్ళ మధ్య పట్టుకున్నది జారింది. "మీ పాప ఒక్కదానిదే కాదండీ. ఇదిగో వీడిది కూడా పుట్టినరోజే ఇవాళ." ముఖాన కొట్టినట్టే అంది. అన్నాక ఏం జరుగుతుందో ఆలోచించలేదు.

"అయ్యో, చెప్పరేం! రా బాబూ, రా, నువ్వూ కొయ్యి!"

వీరేంద్రని భుజాలు పట్టి ముందుకి తోశారు. బంగారు కాగితం టోపీ ఒకటి వాడి తల మీద పెట్టారు. హోమ్ పిల్లలకి ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. అప్పటిదాకా గొణిగినవాళ్ళు గోడౌన్ రేకులు అదిరేలా పాడారు. వాడి చేత కత్తి పట్టించి ఆ తల్లి వీడియో తీస్తూ, "ఎన్నేళ్ళు నాన్నా?" అంది.

"పద్దెనిమిదండీ" అన్నాడు వాడు.

చప్పట్లు.

మెర్లిన్ బియ్యం బస్తాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బస్తాని కాలితో తన్నింది. బస్తా కదల్లేదు, కాలి వేలు నొప్పెట్టింది. బయట వడ్డనలు మొదలైన చప్పుడు, నవ్వులు, మళ్ళీ వడ్డనలు. తలుపు కొట్టి వీరేంద్ర లోపలికొచ్చాడు. విస్తరాకు ముక్కలో కేకు.

"తిను అక్కా. క్రీమంతా నీకే తెచ్చా."

"నాకొద్దు."

"కోపంలో వద్దనబాకు. బాగుంది." వేలితో క్రీమ్ తీసి ఆమె నోటి దగ్గర పెట్టాడు. తినక తప్పలేదు. వాడు వెళ్ళిపోతూ తలుపు దగ్గరగా వేశాడు.

ఆమె ముఖం కడుక్కుని వచ్చేసరికి హాలు ఖాళీ అయింది. వంటమనిషి అయూబ్ గిన్నెలు తోముతున్నాడు. హోమ్ మొదలైనప్పటి నుంచీ ఉన్నాడు. పిల్లలకి వార్డెన్ కూడా అతనే.

"వీరేంద్ర ఏడి?"

"కార్లో పోయాడమ్మా. వాళ్ళు హైదరాబాద్ పోతున్నారంటే, గరికపాడు దగ్గర దింపమని అడిగాడు. మీకు చెప్పాననే అన్నాడే?" అయూబ్ చేతులు తుడుచుకుని అలమర తెరిచాడు. "ఇది మాత్రం తీస్కపోలా. నేను గుర్తుచేశా కూడా."

స్టీలు కంచం. ఇక్కడ కొన్నాళ్ళు నిలిచిన ప్రతి పిల్లాడికీ బజార్లో స్టీలుసామాను కొట్టుకి తీసుకెళ్ళి పేరు కొట్టించి కంచం ఇవ్వడం మెర్లిన్ పెట్టిన పద్ధతి. బయటికి పోయేవాడు దాన్ని తనతో పట్టుకుపోతాడు. గోడ దూకినవాళ్ళు కూడా పట్టుకుపోయారు.

ఆమె కంచం సంచీలో వేసి, బండికి తగిలించుకుని గరికపాడు వైపు పోయింది. ధాబాల ముందు లారీలు, టైర్లకి నీళ్ళు కొడుతున్న కుర్రాళ్ళు. ఫోన్లో ఫోటో చూపిస్తూ ఒక్కో ధాబా తిరిగింది.

"ఈ పోరడా? వచ్చిండమ్మా. చాయ్ తాగిండు, డ్రైవర్‌తోని మాట్లాడి కంటైనర్ ఎక్కిండు. ఎటు పోయిందో చూడలే" అన్నాడు ఒక ధాబాలో చాయ్ పోసేవాడు.

చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ ఫోటో చూశాడు. "వయసెంత?"

"పదహారు."

"ఆధార్‌లో?"

మెర్లిన్ ఫోన్ వెనక్కి తీసుకుంది. "పద్దెనిమిది."

"ఇంకేందమ్మా మరి. మేజరు. ఆడి ఇష్టం, ఎక్కడికైనా పోతాడు. మైనరైతే ఇప్పుడే వైర్‌లెస్ సెట్లో చెప్పి బళ్ళు ఆపించేవాణ్ణి."

అతను తప్పు మాట్లాడలేదు. అందుకే ఆ కోపం ఎవరి మీద వేయాలో తెలియక, ఆమె దాన్ని మోసుకునే ఇంటికి వచ్చింది.

దీపాలు పెట్టే వేళకి అందరూ ఇంట్లోనే ఉన్నారు. సువార్తమ్మ ఆమె చేతిలో సంచీ అందుకుని లోపలికి వెళ్ళింది. ఉదయం మాటల పొగరు ఎవరి ముఖంలోనూ లేదు. అయూబ్ ఫోన్ చేసి ఉంటాడు. అన్నాలకి కూర్చున్నారు.

"పోనీలే మెర్లిన్" అన్నాడు రత్నబాబు మెల్లగా. "కాళ్ళూ చేతులూ ఉన్నాయి. ఎక్కడో ఒక చోట బతుకుతాడు. నీ మీదికి రాకుండా వాడే సర్దుకున్నాడు. ఒకందుకు మంచివాడు."

"అవును, మంచివాడు. పదహారేళ్ళవాడు నన్ను కాపాడి పోయాడు." మెర్లిన్ అన్నం కలుపుతోంది. గొంతు పెద్దది కాలేదు. "రేపు నందిగామ పోయి రాసిచ్చేస్తా. వయసు తెలిసే తప్పు రాయించానని."

"వాడు పోయాకా? ఇప్పుడు రాసిచ్చి ఏం లాభం?"

"పద్దెనిమిదేళ్ళోడు పోతే ఎవడూ వెతకడు. పదహారేళ్ళ పిల్లాడు తప్పిపోతే వెతకాలి. వెతికి తీరాలి. అది నా సంతకంతోనే అవుద్ది."

"హోమ్ పోద్ది."

"పోనివ్వకుండా చూస్తా. హోమ్ సొసైటీలో పెద్దలతో దార్లోనే మాట్లాడా. నేను తప్పుకుంటున్నా. తప్పు నాది, హోమ్‌ది కాదని రాస్తా. అయూబ్ ఉన్నాడు, నడుపుతాడు. నా మీద కేసు పెడితే పెట్టనీ." ముద్ద నోట్లో పెట్టుకోలేదు, చేతిలోనే ఉంచుకుంది. "వాడు దొరికాక ఈ ఇంటికే తీసుకొస్తా. ముందు గదిలో ఉంటాడు. అడగట్లేదు. చెప్తున్నా."

రత్నబాబు నోరు తెరిచి, తల్లి వైపు చూశాడు. సువార్తమ్మ చారు గిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టింది. బెన్ని ఫోన్ బోర్లా పెట్టాడు. ఆమని మాత్రం నిలబడి, అమ్మ గ్లాసులో నీళ్ళు పోసింది.

 వంటింటి గట్టు మీద, సంచీలోంచి తీసి సువార్తమ్మ ఎవరిదో తెలియకుండానే కడిగి బోర్లించిన కంచం అంచున, చీమలబారులా చుక్కలు చుక్కలుగా కొట్టిన వీరేంద్ర పేరు మీదుగా నీళ్ళు ఇంకా జారుతున్నాయి.