గోడకవతలి బరువు

"కంప్యూటరే చేస్తది గదా, నువ్వు ఖాళీనే గదా!" అంటూ భర్త జావీద్ ఉల్లిగడ్డల బుట్ట జెబా ముందు పెట్టి, సోఫాలో ఫోను పట్టుకుని వాలాడు. శుక్రవారం అతని దుకాణానికి సెలవు.

ఆ మాట జెబాకు కొత్త కాదు. ఎక్కడో రెండు కృష్ణబిలాలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ కలిసిపోయాయి. ఆ అదురు భూమిని తాకి, సెకను లోపే ఆగిపోయింది. అందులోంచి వాటి బరువెంతో, ఎంత దూరాన కలిశాయో తేల్చడం ఆమె ఉద్యోగం. పద్మారావు నగర్ ఇంట్లో వెనక గదే ఆఫీసు. బరువు ఇంత, దూరం ఇంత అని కంప్యూటర్ లక్షల ఊహలు వేసి ఒక్కోదాన్నీ ఆ అదురుతో పోల్చి చూస్తుంది. సరిపోయినవన్నీ గ్రాఫులో గుట్టగా పడతాయి. దానికి రోజులు పడతాయి. ఆ రోజులన్నీ జెబా ఖాళీ అని ఇంట్లో తీర్మానం. ఖాళీ మనిషికి పనులకేం కొదవ! అత్త రసూల్ బీ మోకాళ్లకు నూనె, సాయంత్రం ఆడబిడ్డ జన్నత్ అత్తగారింటివాళ్లకు చాయ్, పకోడీ.

ఉల్లిగడ్డలు సగం తరిగి, వెనక గదికి వెళ్లి తెర చూసింది. గుట్టకు ఎడమపక్క వాలు ఉంది, కుడిపక్క లేదు. గోడవారన పోసిన ఇసుకలా నిటారుగా ఆగిపోయింది. లెక్క మొదలుపెట్టే ముందు 'బరువు ఇంతకు మించదు' అని ఒక హద్దు ఇవ్వాలి. దాన్ని దాటి కంప్యూటర్ వెతకదు. అసలు బరువు అవతల ఉంటే గుట్ట ఇలాగే హద్దుకు ఆనుకుంటుంది. ఆ హద్దు ఇచ్చిందెవరు? తనే. తొమ్మిది రోజుల కిందట, "జెబా, కుక్కర్ ఎన్ని కూతలేసింది?" అని అత్త కేకేస్తుంటే, పాత లెక్కలోని హద్దునే ఇక్కడా దించేసి వంటింట్లోకి పరుగెత్తింది.

ఐదింటికి ఆన్‌లైన్లో మీటింగు. ఆమె పై అధికారి సదాశివ సార్ ఆ బరువునే అందరిముందూ ఖాయం చేసేస్తారు. చెబితే తన తప్పని ఒప్పుకోవాలి. "సంసారం ఉన్న ఆడవాళ్లకి ఇలాంటి పనులు కష్టమేనమ్మా" అని ఆయన నవ్వుతూనే ఓసారి అన్నారు, ఇప్పుడు నవ్వకుండా అంటారు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ తప్పు బరువు తన పేరుతో నిలిచిపోతుంది. జెబాకు ఒళ్లు మండింది. సార్ మీద కాదు, కుక్కర్ మీదా కాదు, పిలవగానే పరుగెత్తిన తన కాళ్ల మీద.

ఐదింటికి తలుపు గడియపెట్టింది.

"సార్, ఈ బరువు ఖాయం చేయకండి. హద్దు నేనే తక్కువ పెట్టాను. పెంచి మళ్లీ లెక్క వేస్తాను."

"ఎన్ని రోజులమ్మా?"

"తొమ్మిది."

అంతలో తలుపు దబదబా మోగింది. రసూల్ బీ.

"జెబా! లోపల ఏం చేస్తున్నవే? జన్నత్ అత్తగారొచ్చిన్రు, చాయ్ ఏదీ?"

ఈ ఆరేళ్లలో ఆ తలుపు వెనక నుంచి 'వస్తున్న అత్తమ్మా' తప్ప మరో మాట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. జెబా మైకు ఆపలేదు. సార్ వింటే విననీ.

"పని చేస్తున్న అత్తమ్మా. పాలు ఫ్రిజ్‌ల ఉన్నయ్. జావీద్ ఖాళీగనే ఉన్నడు."