ఉప్పు చాలని కుండ

ఆ ఊళ్లో వంట బాగా చేయడమే నేరమైపోయిన ఏడాది అది.

కల్వకుర్తికి ఆమడ దూరంలోని ఆ ఊళ్లో మైసమ్మ పండుగకు ఏటా కూరకుండల పందెం జరిగేది. బలిచ్చిన ఏటపోతుల మాంసం ఇంటికో పోగు చొప్పున పంచేవారు. ఆడవాళ్లు ఒకే తీరు కుండల్లో వండి, ఎవరిదేదో చెప్పకుండా వరుసగా పెట్టేవారు. గుర్వమ్మ అనే ముసలామె రుచి చూసి ఒక కుండ మీద చెయ్యి పెడితే, వండిన మనిషి ముందుకొచ్చి చీర అందుకునేది. ఆ తర్వాత కూరంతా పిల్లలదే. ఎంత చక్కటి ఆచారం! దొర కన్ను పడేదాకా.

పోయిన ఏడు గెలిచిన బాలనర్సమ్మను ఆ చీర కట్టుకోకముందే దొర ఉండే గడికి తోలుకుపోయారు. వెట్టి వంట. జీతం లేదు, ఇంటికి పంపేది లేదు. ఏడాది తిరిగినా ఊరు ఆమె ముఖం చూడలేదు. ఇప్పుడు ఇంకో వంటమనిషి కావాలని గడి నుంచి కబురు.

ఆ కబురు వినగానే ఈదమ్మ గుండెలో రాయి పడింది. మొగుడు జ్వరంతో పోయాడు. ఉన్నది నాలుగేళ్ల కూతురు అండాలు ఒక్కతే. తాను గడికి పోతే దాన్ని చూసేదెవరు? అందుకే పండుగనాడు పిడికెడు ఉప్పు తీసి కూరలో గుమ్మరించింది. రెండో పిడికిలీ తీసింది గానీ చెయ్యి ఆడలేదు. ఏడాదికొకసారి దొరికే ముక్క, పిల్లలు నోట పెట్టుకోవద్దా? ఆ ఉప్పు తిరిగి ఉప్పుకుండలోనే పోసేసింది. పక్కింటి జానమ్మ చెయ్యి మంచిది, పట్టుకుపోతే దాన్నే పట్టుకుపోతారులే అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది.

గుర్వమ్మ మొదటి కుండ రుచి చూసి కళ్లు మూసుకుంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. "ఈయేడు ఏదీ మంచిగ లేదు. పందెం లేదు, పోండ్రి" అంది.

"నువ్వు జరుగు, ముసల్దానా" అని, వంటమనిషిని ఏరుకోవడానికి దొర పంపిన గడి మనిషి తానే గరిటె అందుకున్నాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని థూ అని ఉమ్మాడు. పక్క కుండలోదీ ఉమ్మాడు. జానమ్మ కుండ దగ్గరైతే వాంతి చేసుకున్నంత పని చేశాడు.

ఈదమ్మకు అప్పుడు తెలిసింది. అందరూ ఉప్పు పోశారు! ఒకరికొకరు చెప్పుకోలేదు. ప్రతి ఒక్కతీ, తనలాగే, పక్కదాన్ని పంపి తాను బతకాలనుకుంది. తాను మాత్రం ఒక్క పిడికిలితో ఆగింది. ఆ జాలే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

ఏడో కుండ దగ్గర గడి మనిషి ఆగాడు. నమిలాడు. ఇంకో ముక్క తీశాడు.

"ఉప్పు జర ఎక్కువైంది గని, మంచి చెయ్యి. ఎవల్దే గీ కుండ?"

ఆ కూర వాసనకే అది ఈదమ్మదని వాడకంతా తెలుసు.

"తెల్వది దొరా" అంది జానమ్మ అందరికన్నా ముందు. "కుండలన్నీ ఒక్కతీరే ఉంటయి, ఎట్ల గుర్తువట్టాలె?"

"మాకూ తెల్వది" అంది గుర్వమ్మ. వెనక నుంచి ఇంకో గొంతు, ఇంకో గొంతు. ఈదమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. వీళ్ల గురించా తాను అట్లా అనుకున్నది!

అప్పుడే అండాలు చప్పట్లు కొడుతూ నడిమధ్యకు దూకింది.

"గెలిచింది! మా అమ్మ గెలిచింది! గది మా అమ్మ కుండనే!"

గడి మనిషి నవ్వుతూ వంగాడు.

"మీ అమ్మ యాడుంది బిడ్డా?"

అండాలు పరుగెత్తుకొచ్చి ఈదమ్మ చెయ్యి పట్టుకుని, సంబరంగా ముందుకు లాగింది.