రైస్ కుక్కర్ మీద నాలుగు పాదాలు

ఆదివారం మధ్యాహ్నం కెనడా దేశపు హామిల్టన్‌లోని ఆ చిన్న రేడియో స్టేషన్‌లో శేషగిరి పని ఎప్పుడూ ఒకటే. మార్జరీ పెల్ గారికి టీ ఇవ్వడం, మైకు ఆమె నోటి దగ్గరికి జరపడం, అద్దానికి ఇవతల కూర్చుని మీటలు తిప్పడం, ప్రోగ్రాం అయ్యాక చీపురు పట్టడం.

మార్జరీ ఇంగ్లండులో పుట్టిన కవయిత్రి. పెద్ద పెద్ద మాటల జోలికి పోదు. ఫోన్ చేసినవాళ్లు ఇంట్లో వస్తువు ఏదైనా చెబితే, అది చిరిగిన సాక్సైనా సరే, అప్పటికప్పుడు నాలుగు పాదాలు అల్లి చదివేది. వింటున్నవాళ్ల అలసట వాళ్ల ఒళ్లు విడిచి, స్టూడియోలో బూడిదరంగు దుమ్ముగా రాలేది. కొత్త మేనేజరు అది ఊళ్లోని స్టీల్ ఫ్యాక్టరీ పొగేమోనని మొదట్లో కిటికీలు మూయించి చూశాడు. తర్వాత ఇంకో రెండు బకెట్లు కొనిచ్చి ఊరుకున్నాడు.

దీపం కింద చీకటి అన్నట్టు, స్టూడియోలో ఉన్నవాళ్ల అలసట మాత్రం ఎక్కడికీ పోయేది కాదు. శేషగిరి వారమంతా వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసి, ఆదివారం ఊరందరి అలసటా ఊడ్చి, తనది తను మోసుకుని ఇంటికి పోయేవాడు.

భార్య రత్నకుమారిది హాస్పిటల్లో రోగుల్ని చూసుకునే పని. వార్డులో రేడియో పెట్టనివ్వరు. అతను వచ్చేసరికి ఆమె బయల్దేరేది, ఆమె వచ్చేసరికి అతను. ఇది ఇల్లు కాదు బస్టాండు అని ఒకరోజు అనేసి, ఎక్కడో దూరాన విన్నిపెగ్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లేలా అక్కడే పని చూసుకుంది. ప్రయాణం రేపే. టికెట్ ఒక్కటే కొంది. వెళ్లొద్దని చెప్పాలని శేషగిరికి గుండెల నిండా ఉంది. చెబితే వాదన మొదలవుతుంది, వాదనకి ఓపిక కావాలి. అందుకని "సరే" అన్నాడు. అన్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. దానికీ ఓపిక లేక పడుకున్నాడు.

ఇవాళ మార్జరీ ఆఖరి ప్రోగ్రాం. ఆమె గొంతు ఇక సహకరించడం లేదు. ఇంకా కాసేపు మిగిలి ఉండగానే ఆమె ఫోన్లు ఆపించి, అద్దంలోంచి అతన్ని చూసింది.

"శేష్, నువ్వు ఇన్నేళ్లలో ఒక్క వస్తువూ ఇవ్వలేదు. ఇవాళ నువ్వివ్వు."

ఆపరేటర్ గొంతు బయటికి వెళ్లకూడదని రూలు. శేషగిరి తన మైకు తెరిచాడు.

"రైస్ కుక్కర్," అన్నాడు. తమ ఇంట్లో అది ఎప్పుడూ వార్మ్ మీదే ఉంటుందని, ముందు వచ్చినవాళ్లు అన్నం మధ్యలో గరిటెతో గీత గీసి తమ వాటా తినిపోతారని చెప్పాడు. భార్య ఆ గీత సరిగ్గా మధ్యలో ఎప్పుడూ గీయదు, అతని వాటా పెద్దదయ్యేలా గీస్తుంది. అది చూసి కూడా తను ఒక్కసారీ నోరు విప్పలేదని చెప్పాడు.

మార్జరీ కాసేపు కళ్లు మూసుకుని, ఇంగ్లిషులో మెల్లగా చదివింది. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

ఇద్దరి ఆకలికి ఒక్క గిన్నే కాపలా
ఒకరు లేచే పొద్దుకి ఇంకొకరు నిద్ర
సగానికన్నా ఎక్కువే మిగిల్చి పోయింది
అడిగి ఉంటే ఆకలి లేదని తప్పించుకునేది

ప్రోగ్రాం అయ్యాక శేషగిరి ఊడుస్తుంటే ఒక మూల కుప్పలోంచి శానిటైజర్ వాసన, దానితో పాటు అమృతాంజనం వాసన వచ్చాయి. ఎవరిదో తెలియడానికి అతనికి క్షణం పట్టలేదు. ఆ కుప్ప ఒక్కదాన్నే బకెట్లోకి ఎత్తాడు. బకెట్ కదల్లేదు. పెట్టెలు మోసిమోసి కాయలు కాసిన చేతులు రెండూ వేసి లాగినా కదల్లేదు. ఇంట్లో అలిసిపోయేది తనొక్కడే అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఆ బకెట్ పక్కనే కూలబడి ఏడ్చాడు.

తర్వాత భార్యకి ఫోన్ చేశాడు. హాస్పిటల్లో ఆఖరి రోజని త్వరగా వదిలారట, బస్సులో ఉంది. డ్రైవర్ రేడియో పెట్టాడట.

"రత్నా, నేనూ వస్తాను. నాకూ టికెట్ తియ్యి."

అవతల బస్సు ఆపమని గంట నొక్కిన చప్పుడు వినపడింది.

"అక్కడి చలికి మీ కోటు సరిపోదండీ," అంది రత్నకుమారి. "మాల్ దగ్గర దిగుతున్నా. మీ సైజు పాతదేనా, మారిందా?"