ఎర్ర కారు మనిషిని నమ్ముతుంది

రెండు జర్మన్ స్పోర్ట్స్ కార్లున్న మనిషిని ఎవరూ కులాసా అడగరు. బ్యాంకులో క్యూలో నిలబడ్డవాడు, లిఫ్టులో పక్కనున్నవాడు, చివరికి పన్ను పీకించుకోవడానికి కుర్చీలో వెనక్కి వాలినవాడు కూడా అడిగేది ఒకటే: "రెండింట్లో ఏది మంచిది, డాక్టరు గారూ?" పదేళ్ళుగా చెప్పీ చెప్పీ పళ్ళ డాక్టరు ఆ జవాబులో ఆరితేరాడు. ఎదుటివాడి నోట్లో దూది కుక్కి మరీ చెప్పేవాడు. దూది నోట్లో పెట్టుకున్నవాడు వినక ఏం చేస్తాడు పాపం!

ఇవాళ అదే ప్రశ్న వాహనాల తనిఖీ ఆఫీసులో అడిగారు. అడిగిన ఇన్‌స్పెక్టరుకి జలుబు. ముక్కు తుడుచుకుంటూ ఫారం ముందుకు లాక్కుని, "ఇలాంటి బళ్ళు మా యార్డుకి ఎప్పుడూ రాలేదండీ. ఇంట్లో రెండూ పెట్టుకున్నారు కాబట్టి ఓనరుగా మీరే చెప్పండి. రెండూ జర్మనీవే కదా, తేడా ఏమిటి?" అన్నాడు.

డాక్టరు ఫారం వంక చూశాడు. ఈ తేడాయే తన భార్య కాలు తీసుకుంది. ఆ సంగతి ఈ లోకంలో తనకొక్కడికే తెలుసు.

ఇల్లు ఎత్తు మీద ఉంటుంది. గేటు కింద. మధ్యలో ఏటవాలు దారి, ఒక్క కారు వెడల్పు. పైన షెడ్డులో కార్లు, ఎర్రదీ నల్లదీ, ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. వెనకది తియ్యాలంటే ముందుదాన్ని రోడ్డు మీద పెట్టి రావాలి. ఎర్రది మూడు వారాలు మేస్త్రి షెడ్డులో ఉండి, శనివారం తిరిగొచ్చింది. హ్యాండ్‌బ్రేకు కేబులు తెగితే కొత్తది వేశాడు. మేస్త్రి అంటే మెకానిక్కే, అరవై దాటినవాడు. బానెట్టు తెరవకుండా, పక్కన నిలబడి విని జబ్బు చెప్పేవాడు. ఎర్రదాన్ని ఆయన తప్ప ఇంకొకరు ముట్టుకోవడానికి డాక్టరు ఒప్పుకోడు.

సోమవారం పొద్దున డాక్టరు నల్లదాన్ని రోడ్డు మీద పెట్టి పైకొచ్చాడు. ఎర్రదాన్ని స్టార్టు చేసి సగం దారి దిగేసరికి వెనక అద్దం మీద పిట్ట రెట్ట కనబడింది. ఎండకి ఆరితే మరక పడుతుంది. కారు పిచ్చి ఉన్నవాడికి అది కంట్లో నలుసు. ఆపాడు, తలుపు పక్కనున్న మెత్తటి గుడ్డ తీసుకున్నాడు, దిగి వెనక్కి వెళ్ళాడు. కారు ఒక్క క్షణం కదలకుండా ఉంది. అద్దం మీద గుడ్డ పెట్టి రెండోసారి రుద్దబోతే చేతి కింద అద్దం లేదు.

భార్య కింద గేటు రెక్కకి గొళ్ళెం పెడుతోంది, ఇటు వీపు పెట్టి. ఆయన కేక కంటే ముందు కారే ఆమెని చేరింది. కారు ఆమె కాలుని గేటు స్తంభానికేసి గుద్ది, జానెడు వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకు రాబోతుంటే డాక్టరు లోపలికి దూకి లివరు లాగాడు. అప్పుడు లాగాడు. అంతకు ముందు లాగలేదు.

పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చేసరికి లివరు పైకి ఉంది. ఆంబులెన్సులో బావమరిది అడిగాడు. వాడు లాయరు, అన్నిటికంటే ముందు ప్రశ్న వస్తుంది వాడికి. "బావా, బ్రేకు వేశావా?" డాక్టరు "వేశాను" అన్నాడు. ఆలోచించి అన్నది కాదు, నోటికొచ్చింది. ఆ ఒక్క మాట పదకొండు రోజుల్లో పెరిగి పెద్దదై మేస్త్రి మీద ఫిర్యాదైంది. మేస్త్రి షెడ్డుకి తాళం పడింది. ఇవాళ సాయంత్రం ఐదింటికల్లా ఓనరు సంతకం పడితే ఆయన లైసెన్సు శాశ్వతంగా రద్దు.

"చెప్పండి సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డాక్టరు మొదలుపెట్టాడు. నల్లదాని ఇంజను ముందు ఉంటుంది, ముక్కు పొడుగు, కూర్చుంటే బల్ల చివర కూర్చుని ఎదుటి చివర చూస్తున్నట్టు ఉంటుంది. సీటు నడుము పట్టుకుంటుంది. దూరం వెళ్ళడానికి దాన్ని మించింది లేదు. నాలుగు గంటలు నడిపి దిగినా ఒళ్ళు పులవదు. ఎర్రదాని ఇంజను వెనక ఉంటుంది. మలుపులో తోక బరువు తెలుస్తుంది, తొందరపడి బ్రేకు తొక్కావా చెంప మీద కొట్టినంత పని చేస్తుంది. స్టీరింగు పట్టుకుంటే రోడ్డు మీద గులకరాయి కూడా అరచేతికి చెబుతుంది. గతుకుల్లో వెన్నుపూసలు లెక్కపెట్టుకోవచ్చు. అయినా ఒక మంచి మలుపు కుదిరిందంటే...

చెబుతూ చెబుతూ తను చేతులు తిప్పుతున్నాడని డాక్టరుకి హఠాత్తుగా తెలిసింది. లేని స్టీరింగు తిప్పుతున్నాడు. మొహంలో నవ్వు కూడా ఉంది కాబోలు, ఇన్‌స్పెక్టరు కూడా నవ్వుతున్నాడు. అక్కడ ఆసుపత్రిలో ఆమె మోకాలి కింద దుప్పటి చదునుగా పడి ఉంది, ఇక్కడ ఇతగాడు మలుపులు తిరుగుతున్నాడు! తన మీద తనకే అసహ్యం వేసింది.

"మరి ఆపి దిగేటప్పుడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, పెన్ను ఆపకుండా.

"నల్లదానికి మనం ఏం చెయ్యక్కర్లేదు. తలుపు తీస్తే తనే బ్రేకు వేసుకుంటుంది. అది మనిషిని నమ్మదు." తర్వాతి మాట డాక్టరు వెయ్యిసార్లు గొప్పగా చెప్పింది. స్నేహితుల మధ్య చెప్పుకుని మురిసిపోయింది. ఇప్పుడు బల్ల వంక చూస్తూ అన్నాడు. "ఎర్రది నమ్ముతుంది."

"అంటే చేత్తో లివరు లాగాలన్నమాట. మీరు లాగారు. కేబులు పరీక్ష చేయించాం సార్. లాగితే పట్టుకుంటోంది, కానీ కాస్త వదులు. పట్టుకోవచ్చు, జారొచ్చు. మీరు లాగానంటున్నారు కాబట్టి జారిందనే రాసుకుంటున్నాం." కాగితం తిప్పి ఇచ్చాడు. "ఇక్కడ సంతకం."

మూడు వారాలు నల్లదాన్నే నడిపాడు. ఆగడం, తలుపు తియ్యడం, దిగిపోవడం. చెయ్యి లివరుని మరిచిపోయింది. ఒకే కారున్నవాడికి ఈ తప్పు జరగదు. ఏ కారూ లేనివాడికి అసలే జరగదు. ఇదంతా నాలుక చివర దాకా వచ్చింది. కానీ "ఐదులోపు తెచ్చిస్తాను," అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

ఆసుపత్రిలో రెండో అంతస్తు వరండాలో మేస్త్రి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. రోజూ వస్తున్నాడు. లోపలికి రాడు, వెళ్ళిపోడు. పక్కన బావమరిది ఫోను చూసుకుంటూ, ఆయన్ని పురుగుని చూసినట్టు చూస్తున్నాడు. మేస్త్రి గోళ్ళలో నలుపు లేదు. ముప్పై ఏళ్ళలో ఆ గోళ్ళు అంత తెల్లగా డాక్టరు చూడలేదు.

"డాక్టరు గారూ, ఒక్క మాట." మేస్త్రి లేచి నిలబడ్డాడు. "కొత్త కేబులు సాగుతుంది, నాలుగు రోజులాగి తీసుకురండి, మళ్ళీ బిగిస్తానని నేను మీతో అన్నానా? అన్నట్టే గుర్తు. మా ఆవిడ అన్నావనే అంటోంది, ఆవిడేమో అక్కడ లేదు. రాత్రీ పగలూ అదే ఆలోచిస్తున్నా. అనలేదంటే మాత్రం తప్పు నాదే సార్."

అన్నాడు. ఆ రోజు మేస్త్రి రెండుసార్లు అన్నాడు, రెండోసారి వేలు చూపించి మరీ అన్నాడు. డాక్టరు ఆ తెల్లటి గోళ్ళ వంక చూశాడు.

"అన్నావో లేదో జడ్జి ముందు చెప్పుకుందువు గానీ," అన్నాడు బావమరిది. "పద బావా, అక్క ఇందాకట్నుంచి అడుగుతోంది."

ఆమె దిండ్లకి చేరబడి కూర్చుంది. కాలేజీలో లెక్కలు చెబుతుంది. గంటకి గంట బోర్డు ముందు నిలబడే మనిషి. ఎర్రదంటే ఆమెకి ఎప్పుడూ పడేది కాదు. "నాకు సవతి లేని లోటు తీర్చావు" అని దాన్ని తిట్టేది. ఈ పదకొండు రోజుల్లో మాత్రం ఆయన్ని ఒక్క మాట అనలేదు. కేబులు జారితే మనిషేం చేస్తాడన్నది ఆమె లెక్క. ఆ లెక్క ఉన్నన్నాళ్ళూ ఆమె తనదే. ఆ సంగతి డాక్టరుకి బాగా తెలుసు. తెలిసే ఇన్నాళ్ళు నోరు మూసుకున్నాడు.

కుర్చీ లాక్కున్నాడు. కాగితం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గుండె రాయి చేసుకుందామనుకున్నాడు గానీ అది రాయి కాలేదు, కొట్టుకుంటూనే ఉంది.

"నేను బ్రేకు వెయ్యలేదు," అన్నాడు.

ఆమె అర్థం కానట్టు చూసింది.

"దిగేముందు వెయ్యలేదు. మరిచిపోయాను. మేస్త్రి తప్పేం లేదు. తప్పు నాది."

ఆమె ఆయన మొహంలో ఏదో వెతికింది. తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి చాచి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆ ముసలాయన బయట కూర్చుంటున్నాడని నర్సు చెప్పింది," అంది. "మీరు చూళ్ళేకపోతున్నారు. అందుకని నెత్తిన వేసుకుంటున్నారు. అవునా?"

"కాదు, నిజంగా..."

"పాతికేళ్ళు కాపురం చేశాను మీతో. మనుషుల కంటే ఇనుము మీదే మీకు మనసనుకున్నాను. పైకి అనలేదు గానీ అనుకున్నాను. ఇంత మెత్తటి మనిషని నాకు తెలియదు." చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "తమ్ముడితో చెబుతాను, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడు. ఆయన బతుకు ఆయన బతుకుతాడు. మీరు మాత్రం లేనిపోని తప్పు మోయకండి."

ఇంతకంటే ఏం కావాలి? మేస్త్రి షెడ్డు తెరుచుకుంటుంది. ఆమె తన పక్కనే ఉంటుంది. నిజం చెప్పాననే తృప్తి కూడా మిగులుతుంది, ఆమె నమ్మకపోతే తనేం చేస్తాడు? ఎవరో అన్నీ సర్ది పెట్టెకి మూతపెట్టి చేతికిచ్చినట్టుంది. పాతికేళ్ళలో ఆమె అలా చెయ్యి పట్టుకున్నది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డాక్టరుకి ఏడుపొచ్చింది. ఆ చేతి కోసం ఏ అబద్ధమైనా ఆడాలనిపించింది. అసలు ఇప్పుడు అబద్ధం కూడా ఆడక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

కానీ మేస్త్రి? వదిలేశారు అనుకుంటాడు. తప్పు చేస్తే దయతలిచి వదిలేశారనుకుంటాడు. ఏ నట్టు బిగించినా మళ్ళీ ఇంకోసారి బిగిస్తాడు, అయినా నిద్రపట్టదు. ఒక మనిషి చేతుల్ని అలా పాడుచేసి, ఈ చెయ్యి పట్టుకుని కూర్చోవడం ఎలా?

"ఒక్కటి అడుగుతాను," అన్నాడు డాక్టరు. "నువ్వు కింద పడ్డాక, నేను కార్లోకి దూకాక... ఏమైనా చప్పుడు వినిపించిందా? కిర్రు కిర్రుమని?"

ఆమె దిండు మీంచి తలెత్తింది.

"నాలుగైదుసార్లు వరసగా," అన్నాడు. "అది లివరు లాగిన చప్పుడు. ముందే లాగి ఉంటే అప్పుడు ఆ చప్పుడు రాదు."

కిటికీ బయట ఎక్కడో బండి వెనక్కి వస్తున్న కూత వినబడి ఆగిపోయింది. ఆమె కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి, లెక్కపెట్టుకుంటున్నట్టు.

"వినిపించింది," అంది చివరికి. "నా ఎముకలనుకున్నాను."

డాక్టరు తల దించుకున్నాడు.

"పదకొండు రోజులు," అంది ఆమె. "పదకొండు రోజులుగా నిద్రలో నా ఎముకల చప్పుడు వింటున్నాను. ఇక్కడి డాక్టర్ని అడిగాను, ఎముక విరిగితే అన్నిసార్లు చప్పుడవుతుందా అని. మీరు ఇదే కుర్చీలో కూర్చుని విన్నారు."

విన్నాడు. ఆ రోజు ఆమెకి మంచినీళ్ళ గ్లాసు అందించాడు కూడా.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. విసురుగా కాదు. ఒక్కొక్క వేలూ విడిపించుకుని దుప్పటి కింద పెట్టుకుంది.

"తమ్ముణ్ణి లోపలికి పంపండి," అంది. "మీరు రాకండి."

డాక్టరు తలుపు తీసి బయటికొచ్చాడు. బెంచీ మీద ఇద్దరూ తలెత్తారు. జేబులో కాగితం కోసం తడుముకున్నాడు, అది లోపల కుర్చీలోనే ఉండిపోయింది.

"అక్క పిలుస్తోంది," అన్నాడు బావమరిదితో. తర్వాత మేస్త్రి వైపు తిరిగాడు. "మీరు అన్నారు మేస్త్రీ. తీసుకురమ్మని రెండుసార్లు అన్నారు. కేబులు జారలేదు. నేనసలు బ్రేకే వెయ్యలేదు."

బావమరిది సగం లేచి అలాగే ఉండిపోయాడు. మేస్త్రి అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. కోపగించుకుంటాడని, కనీసం తిడతాడని డాక్టరు ఎదురుచూశాడు. తిడితే బాగుండునని ఆశపడ్డాడు.

"ఎప్పుడు గుర్తొచ్చింది సార్?" అన్నాడు మేస్త్రి.

"మరిచిపోతే కదా."

మేస్త్రి తలూపాడు. చొక్కా సర్దుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. బావమరిది లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు వెనక నుంచి, కాలు తీసేసిన రోజు కూడా ఏడవని మనిషి ఏడుపు వినిపించింది. డాక్టరు గడియ మీద చెయ్యి వేశాడు, తియ్యలేదు. ఆమె రావద్దంది.