అటక ఖాళీ అయిన రోజు

కొన పైకి ఉండేలా కాయను చెక్కపీట మీద నిలబెట్టి, లమారా సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. అక్రోటు పెంకు రెండుగా విచ్చుకుంది. పప్పును గోటితో ఊడదీసి, నడిమి చెక్కపొరను పొయ్యిలో పారేసి, పప్పును ఒకసారి వాసన చూసి పళ్లెంలో వేసింది. మళ్లీ ఇంకో కాయ. చీకటి విడవకముందు మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు కిటికీ అవతల రియోని నది మీదినుంచి లేచిన మంచు పెరట్లోకి వచ్చి, చెట్ల మొదళ్ల దగ్గర కదలకుండా నిలబడి ఉంది.

ఆమె పొట్టి మనిషి. మణికట్లు లావు. ఏళ్ల తరబడి పెద్ద గరిటె తిప్పడంతో కుడిభుజం కాస్త కిందికి జారి ఉంటుంది. ముఖం ఎవరికీ గుర్తుండేది కాదు. రోజూ ఎక్కే బస్సులో కూడా డ్రైవరు ఎక్కడ దిగాలని ఆమెను కొత్తమనిషిని అడిగినట్టే అడుగుతాడు.

పెళ్లయిన ఏడాదే టీ ఆకు ఫ్యాక్టరీ క్యాంటీన్లో చేరింది. ఫ్యాక్టరీ మూతపడేదాకా అక్కడే వండింది. వంటగదికీ భోజనాల గదికీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉండేది. అందులోంచి అవతలివాళ్ల చేతులు మాత్రమే కనిపించేవి. ఖాళీ పళ్లెం వచ్చేది, నిండిన పళ్లెం వెళ్లేది. బాగుందని ఎవరూ వంగి చెప్పలేదు, బాగాలేదని ఎవరూ తిట్టలేదు. ఇంట్లో మొగుడు వర్లామ్ కూడా అంతే. తిని, మూతి తుడుచుకుని, పేపరు విప్పేవాడు. ఆ మనిషి పోయాక వంట ఒక్కదానికే కాబట్టి, ఆ తుడుచుకోవడం కూడా లేకుండా పోయింది. అప్పుడప్పుడూ ఊళ్లలో చావుభోజనాలకీ పెళ్లిభోజనాలకీ వంటమనిషి కరువైతే ఆమెను పిలుస్తారు.

ఈ రోజుకి ఈ ఇంటి పెద్దావిడ పెపేలా పోయి నలభయ్యో రోజు. సాయంత్రం దాకా పెపేలా ఇంట్లోనే తిరుగుతుంటుంది, భోజనాలయ్యాక వెళ్లిపోతుంది. ముందుగదిలో ఆమె కోసం ఒక చిన్న బల్ల వేశారు. దాని మీద గ్లాసెడు గోధుమల్లో గుచ్చిన కొవ్వొత్తి, వైను, ఖాళీ పళ్లెం ఉన్నాయి.

పెపేలా కొడుకు బాదూర్ అటక నిచ్చెన దిగి మరో బుట్ట తెచ్చి పెట్టాడు. యాభై ఏళ్ల మనిషి, నెత్తి నిండా సాలెగూళ్లు.

"ఇంకా ఉన్నాయా నాయనా?" అంది లమారా.

"ఉన్నాయి పిన్నీ. గోడవార ఇంకో వరస ఉంది. అవి మా నాన్న బతికున్నప్పటివి."

"అంత పాతవా? ముక్కిపోయి ఉంటాయి. పారబోయక..."

"పారబోస్తే ఊరుకునేదా మా అమ్మ? ఏటా చెట్లనుంచి దించి దాచేది, ఎవరన్నా వస్తే వండాలని. కాళ్లు పడిపోయాక వచ్చేవాళ్లూ తగ్గారు. పోయేముందు నా చొక్కా పట్టుకుని చెప్పింది. నలభయ్యో రోజుకి అన్నీ వండి పెట్టాలంట, ఒక్క కాయ మిగలకూడదంట. మిగిలితే తాను కదలనంది."

లమారా ఆ పాత బుట్టలోంచి ఒక కాయ తీసి పగలగొట్టింది. పప్పు గోధుమరంగులో నిగనిగలాడింది. వాసన చూసింది. నిన్న రాలిన కాయలా ఉంది. ఇంకోటి కొట్టింది, అదీ అంతే. పుచ్చినది లేని బుట్టను ఆమె జన్మలో చూడలేదు. పొద్దుటినుంచీ పగలగొట్టిన వాటిలో పుచ్చిన కాయ ఒక్కటీ తగల్లేదన్న సంగతి అప్పుడే తట్టింది.

పొరుగింటి జుజునా సాయానికి వచ్చి బీటుదుంప ఆకులు ఉడకేస్తోంది. నోరు మూత పడని మనిషి. "ఏమనుకోకు లమారా, ఆ కుతైసి పట్నం వంటామెకి ఇవాళే ఓ పెళ్లివంట తగిలింది. లేకపోతే నీదాకా వచ్చేవాళ్లు కాదు. పెపేలా అక్క చేతి వంట తిన్న ఊరు ఇది. ఈ ఇంట్లో పొయ్యి ముందు కూర్చోవాలంటే నాకే ఒణుకు."

"అనుకోవడానికేముందిలే. ఆ వెల్లుల్లి ఇలా తోయ్," అంది లమారా.

ఇంత పప్పును ఏం చెయ్యాలి? ఆమె మనసులో వరస పెట్టుకుంది. టర్కీ కోడిని ఉడికించి చల్లటి అక్రోటు పప్పు పులుసులో వెయ్యాలి. ఆకుకూర, పప్పు కలిపి ముద్దలు చుట్టి పైన దానిమ్మ గింజలు అద్దాలి. వేయించిన వంకాయ పలకల్లో ముద్ద పెట్టి మడవాలి. చేపకు పలచటి పులుసు, చిక్కుడుగింజలకు చిక్కటి ముద్ద. చావుభోజనానికి తప్పనిసరైన తేనె గోధుమల్లోకి గుప్పెళ్ల కొద్దీ పప్పు. పిండిన నూనె అన్నింటి మీదా చుక్కలు చుక్కలుగా. ఇన్ని చేసినా ఆ బుట్టలు తరిగేలా లేవు. మొక్కజొన్న రొట్టెల్లోనూ కలపాలి, పాకం పట్టి పలకలూ కొయ్యాలి.

రాతిరోట్లో పప్పు, వెల్లుల్లి, ఉప్పు, నీలిమెంతి వేసి నూరడం మొదలుపెట్టింది. రంగుకీ వాసనకీ ఎండబెట్టిన బంతిపూల పొడి కావాలి. తాను తెచ్చిన పొట్లం మంచుకి చెమ్మగిల్లింది. నూరుతూనే పక్కకు చెయ్యి చాపి, పిండి డబ్బా వెనక్కి పోనిచ్చి, గుడ్డ కట్టిన చిన్న మట్టిపిడతను తీసుకుంది. విప్పితే నిండా బంతిపూల పొడి.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఈ వంటింట్లోకి ఆమె రావడం ఇదే మొదటిసారి.

"జుజునా, ఈ పిడత సంగతి నువ్వేమన్నా చెప్పావా నాకు?"

"ఏ పిడత? అక్కడొకటుందని నాకే తెలీదు," అంది జుజునా ఆకులు పిండుతూ. తలెత్తి చూసి, "అదేంటి, నీది ఎడంచేతి వాటమా?" అంది.

లమారా రోకలి వైపు చూసుకుంది. అది తన ఎడమచేతిలో ఉంది. ఎప్పుడు మారిందో తెలియదు.

"కాదు."

"పెపేలా అక్కది ఎడంచేతి వాటం," జుజునా గొంతు తగ్గింది. "ఆ రోలు చూడు, ఒకపక్కకే అరిగింది. అందుకే అయ్యుంటుందిలే. కుడిచేత్తో నూరితే జారుతుందేమో."

"అదే అయ్యుంటుంది," అంది లమారా.

అప్పుడే సెరాపియోన్ గోడ పట్టుకుంటూ వచ్చాడు. పెపేలాకు మరిది. మతి తప్పి చాలాకాలమైంది. పొద్దున చేతికి తొడిగిన మేజోడును మధ్యాహ్నం దాకా చేతితొడుగనే అనుకుంటాడు. పొయ్యి పక్కన తన స్టూలు మీద కూర్చుని, లమారాను తేరిపార చూసి, "వదినా, వెల్లుల్లి తగ్గించు. నీకెన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు.

"నేను లమారాను పెద్దాయనా. మీ వదిన కాదు."

"నీతో ఎవరు మాట్లాడుతున్నారమ్మా? నీ పక్కనున్నావిడను అంటున్నా," అన్నాడాయన విసుగ్గా.

జుజునా శిలువ గుర్తు వేసుకుంది. లమారా పక్కకు చూడలేదు. ఎడమవైపు, భుజం నుంచి మోచేతి దాకా, బావిగట్టుకు ఆనుకుని నిలబడినట్టు చల్లగా ఉంది. ముద్దను వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. చాలాసేపు మింగలేదు. ఉప్పు ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఘాటు వెనక్కి తగ్గి, పప్పు తీపిని ముందుకు తోసింది. ఇన్నేళ్లలో ఇంత మంచి ముద్ద ఆమె చేతిలోంచి రాలేదు. ఇది తన చెయ్యి కాదని అప్పుడు రూఢిగా తెలిసింది.

"భయంగా ఉంటే లేచిపో లమారా. బాదూర్‌తో నేను చెప్పుకుంటా. ఏదో నేనే కలిపేస్తా," అంది జుజునా.

లమారా గుమ్మం వైపు చూసింది. బయట మంచు పలచబడి దారి కనిపిస్తోంది. లేచిపోవచ్చు. కానీ రోలు ముందు నుంచి ఆమె ఒళ్లు కదలలేదు.

"ఉండనీ. ఇలా వండటం నాకెప్పుడూ రాలేదు జుజునా. ఇంకాసేపు చూస్తా."

ఆ తరవాత ఆమె తూచలేదు, కొలవలేదు. ఎడమచెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చింది. ఏ అరలో దాల్చినచెక్క ఉందో, ఏ కుండకు అడుగున చిల్లు ఉందో ఆ చేతికి తెలుసు. వంకాయలు మడతపడ్డాయి, ఆకుముద్దలు వరసకట్టాయి, తేనెపాకం ఒక్కసారికే కుదిరింది. బుట్ట తరవాత బుట్ట ఖాళీ అయింది. పెంకులు పొయ్యిలో చిటపటమంటూ నీలిమంట వేశాయి. సెరాపియోన్ మధ్యమధ్య గాలితో మాట్లాడుతూ, నవ్వుతూ, ఒకసారి ఎందుకో కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. మధ్యాహ్నమయ్యేసరికి లమారా ఎడమచెయ్యి సీసంలా బరువెక్కింది. ఆ బరువు ఛాతీలోకి కూడా వచ్చింది. ఆమె ఆగలేదు.

భోజనాలకు ఊరంతా వచ్చింది. కాళ్లు పడిపోయిన పెపేలాను చూడటానికి తీరిక లేనివాళ్లందరూ వచ్చారు. లమారా వంటింటి గుమ్మంలో నిలబడింది. క్యాంటీన్ కిటికీలోంచి కనిపించనివన్నీ ఇప్పుడు ఎదురుగా ఉన్నాయి, నోళ్లూ, కళ్లూ, మింగుతున్న గొంతులూ. మొదటి ముద్దకే మాటలు ఆగిపోయాయి. బల్ల చివరి ముసలాయన రొట్టెముక్క చేతిలోనే పట్టుకుని, "ఇది పెపేలా చెయ్యి," అన్నాడు. ఇంకెవరో అవునన్నారు. ఒక ఆడమనిషి మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుంది. "ఆమే వండింది, ఆమే..." అంటూ బల్లంతా గొణిగింది.

బాదూర్ వైను గ్లాసుతో లేచాడు. "అమ్మా... తిన్నారమ్మా. అందరూ వచ్చారు, తిన్నారు. ఇంక నువ్వు..." అన్నాడు. అందరూ లేచి తాగారు. లమారా పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి లేదని ఆమెకూ తెలుసు.

చిన్నబల్ల మీద కొవ్వొత్తి ఆరిపోయింది. తలుపులన్నీ మూసే ఉన్నాయి. లమారా ఎడమచేతిలోని చలి మోచేతి నుంచి వేళ్లలోకి దిగి, వేళ్ల కొసల నుంచి వెళ్లిపోయింది. బరువు మాత్రం ఛాతీలో ఉండిపోయింది.

జనం వెళ్లాక, పొద్దువాలుతుండగా బాదూర్ వంటింట్లోకి వచ్చాడు. దోసిట్లో కాసిని అక్రోట్లున్నాయి. "అటక ఊడుస్తుంటే పలకల సందులోంచి రాలాయి పిన్నీ. ఒక్కటి కూడా మిగలకూడదంది కదా..."

"అక్కడ పెట్టు, చూస్తాను."

పగలగొడితే వాటిలో సగం పుచ్చినవే. ఆమెకు ప్రాణం కుదుటపడింది. మంచివి ఏరి రోట్లో వేసింది. కుడిచేత్తో నూరితే రోకలి జారింది, అయినా అలాగే నూరింది. ఉడికిన చిక్కుడుగింజలు మిగిలితే వాటిలో ముద్ద కలిపింది. పెద్ద గిన్నెలన్నీ ఎంగిలివై ఉన్నాయి. సంచిలోంచి తన అల్యూమినియం గిన్నె తీసి అందులో వేసింది. క్యాంటీన్ మూసేసిన రోజు తెచ్చుకున్న గిన్నె అది, అంచు దగ్గర చిన్న సొట్ట.

స్టూలు మీద సెరాపియోన్ ఇంకా ఉన్నాడు. ఆమెను కొత్తగా చూశాడు.

"వదిన వెళ్లిపోయింది. నువ్వెవరమ్మా?"

"లమారాను. వంటకొచ్చాను."

"ఆకలేస్తోంది."

గిన్నె ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన ఒక చెంచా తిని, నములుతూ ఆలోచించాడు. లమారా చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయింది.

"ఉప్పెక్కువైంది," అన్నాడు. ఇంకో చెంచా తిన్నాడు. "వెల్లుల్లి పచ్చిగా ఉంది. గింజలు మెత్తగా ఉడకలేదు. నువ్వేగా చేసింది?"

"నేనే."

"ఊఁ. ఇంకాస్త పెట్టు."

లమారాకు నవ్వొచ్చింది. ముందు చిన్నగా, తరవాత ఆపుకోలేక, పొయ్యిగట్టు పట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. మిగిలిందంతా ఆయనకే వడ్డించింది. గిన్నె కడుగుతానంటే సెరాపియోన్ ఇవ్వలేదు. రెండు చేతులతో పొట్టకు అదుముకున్నాడు.

"ఉంచుకో పెద్దాయనా. మళ్లీ వచ్చినప్పుడు తీసుకుంటాలే," అంది.

కారులో దింపుతానని బాదూర్ అంటే వద్దంది. రోడ్డు దాకా నడిచి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని అద్దానికి తల ఆనించింది. పొలాల మీద మంచు మళ్లీ లేస్తోంది. ఆఖరి స్టాపులో డ్రైవరు, "అత్తా, దిగాలి," అని రెండుసార్లు పిలిచాడు. దగ్గరికి వచ్చి భుజం తట్టాడు. తల పక్కకు వాలిపోయింది గానీ కళ్లు తెరుచుకోలేదు. ఆమె ముఖం మీద నవ్వు పూర్తిగా పోలేదు. ఆ ముఖాన్ని అతను సరిగ్గా చూడటం అదే మొదలు.

ఆ కబురు పెపేలా ఇంటికి మర్నాడు పొద్దెక్కాక గానీ చేరలేదు. అప్పటికి చాలాముందే జుజునా అంట్లు తోమడానికి వచ్చింది. సెరాపియోన్ స్టూలు మీద కూర్చుని, ఆరిన పొయ్యి వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు.

"ఎవరితో బాబాయ్ కబుర్లు? అక్క నిన్ననే వెళ్లిపోయిందిగా," అంది జుజునా.

"వదిన కాదు. ఆ కొత్తమ్మాయి. లమారా. తెల్లారకముందే వచ్చింది పాపం, గుమ్మంలో నిలబడి ఉంటే లోపలికి రమ్మన్నాను. ఈసారి ఉప్పు తగ్గిస్తానంటోంది."

జుజునా చేతిలో గుడ్డ ఆగిపోయింది. పొయ్యి దగ్గర ఎవరూ లేరు. సెరాపియోన్ ఒళ్లోని గిన్నెను నెమ్మదిగా ఎత్తి, పొయ్యికి దగ్గరగా, చేతికందేలా గట్టు మీద పెట్టాడు. అంచు దగ్గర సొట్టలో, ఒక చిక్కుడుగింజ పొట్టు ఎండి అంటుకుని ఉంది.