కథను చివరి నుంచి విప్పిన పిల్ల

మూడో తరగతి పిల్లలకు కథ చెప్పడం తేలిక. ఆ కథలో ఏం జరిగిందో వాళ్ళ చేత రాయించేసరికి నా తలప్రాణం తోకకొస్తుంది. "పోస్టుమాన్ లేచాడు, తర్వాత పళ్ళు తోముకున్నాడు, తర్వాత..." అంటూ పోతే అసలు సంగతి వచ్చేసరికి కాగితం అయిపోతుంది. అతను పళ్ళు తోముకున్నాడని నేను చెప్పనే లేదు!

నేను చెప్పిన కథ చిన్నదే. పోస్టుమాన్ మెట్ల మీద గొడుగు ఆరబెట్టి మర్చిపోతాడు. మళ్ళీ వాన పడుతుంది. వెతుక్కుంటూ వస్తే గొడుగు కింద ఒక పిల్లి, దాని మూడు కూనలు. గొడుగు అక్కడే వదిలేసి, తడుస్తూ నవ్వుకుంటూ ఇంటికి వెళ్తాడు. "నాలుగైదు వాక్యాలు చాలు. ఒకదానితో ఒకటి ముడిపడి ఉండాలి" అన్నాను.

అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల కాగితం చూడగానే నాకు ఒళ్ళు మండింది. మొదటి వాక్యమే "పోస్టుమాన్ తడిసిపోయి నవ్వుతూ ఇంటికొచ్చాడు." గొడుగు మర్చిపోవడం అట్టడుగున ఉంది. ఇది నాలుగోసారి. వెనకటి మూడు కథలూ ఇలాగే తలకిందులు. మూడింటి మీదా ఎర్ర పెన్నుతో "వరుస తెలియదు" అని రాశాను. ఇదీ తప్పితే పిచ్చుకను మళ్ళీ రెండో తరగతిలో కూర్చోబెడతానని హెడ్మిస్ట్రెస్ గారు తేల్చి చెప్పారు. కాగితం రేపు ఉదయం ఆవిడ బల్ల మీద ఉండాలి.

ఎర్ర పెన్ను మూత తీశాను. అంతలో ఒక అనుమానం పట్టుకుంది. వరుస తెలియని పిల్ల ఒక్కోసారి ఒక్కోలా తప్పాలి కదా? నాలుగుసార్లూ అచ్చం ఒకేలా ఎలా తప్పుతుంది? ఇక కాలు నిలవలేదు. బడి వదలగానే కాగితం సంచిలో పెట్టుకుని, వాళ్ళ నాన్న కుట్టుమిషన్లు బాగుచేసే షాపుకు వెళ్ళాను.

ఆయన ఒక మిషన్ విప్పుతున్నాడు. ఊడదీసిన ప్రతి ముక్కనూ పిచ్చుక అందుకుని, పాత పేపరు మీద ఒకదాని పక్కన ఒకటి పెడుతోంది. నన్ను చూసి ఆయన గబగబా స్టూలు తుడిచాడు.

"ఏమన్నా తప్పు చేసిందా టీచర్ గారూ?"

"ఇంకా తెలీదండీ. మీ పని కానివ్వండి, చూస్తాను."

ఊరికే ఉండలేక పేపరు మీది స్క్రూ ఒకటి తీయబోయాను. క్లాసులో నోరు మెదపని పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు టీచర్! వరుస పోతుంది."

"ఏం వరుస?"

"పైమూత ముందు ఊడుతుంది. అప్పుడే దాని కిందది కనబడుతుంది. అలా లోపలికి పోతే ఎక్కడ పట్టేసిందో దొరుకుతుంది."

"మరి కథ?"

"కథ కూడా బిగించేసి ఉంటుంది కదా టీచర్. చివరిది ముందు విప్పాలి." ఈమాత్రం తెలీదా అన్నట్టు చూసింది.

కాగితం తీసి, ఒక్కో వాక్యానికీ ఎందుకు అనుకుంటూ చదివాను. తడిసిపోయి నవ్వుతూ వచ్చాడు. ఎందుకు? గొడుగు వదిలేశాడు. ఎందుకు? దాని కింద పిల్లికూనలున్నాయి. ఎందుకు? వాన వస్తే తల్లిపిల్లి తెచ్చి పెట్టింది. గొడుగు అక్కడెందుకుంది? పోస్టుమాన్ ఆరబెట్టి మర్చిపోయాడు. పళ్ళు తోముకోవడం ఎక్కడా లేదు. నా క్లాసులో ఇంత గట్టిగా బిగిసిన కథ మరొకటి లేదు.

మర్నాడు పిచ్చుకను వెంటబెట్టుకెళ్ళి, నాలుగు కాగితాలూ హెడ్మిస్ట్రెస్ గారి ముందు పెట్టి, కింది నుంచి పైకి చదివి వినిపించాను. నాలుగూ సరిగ్గానే ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు తీసి, "మూడులోనే ఉండనివ్వండి" అన్నారు.

పిచ్చుక మాత్రం కదల్లేదు. ఎర్ర రాతలకేసి చూస్తూ నిలబడింది.

"మరి వీటిని ఎందుకు తప్పన్నారు టీచర్?"

"పైనుంచి చదివాను కాబట్టి."

"ఎందుకు పైనుంచి చదివారు?"

"నాకు తెలిసింది అదొక్కటే కాబట్టి."

"మరి నన్నెందుకు అడగలేదు?"

నిజంగా సిగ్గేసింది. ఎర్ర పెన్ను పిచ్చుక చేతికిచ్చాను. నేను రాసిన మాటలను అది ఒక్కొక్కటే కొట్టేసింది, ఆ మూడింటిలో ఆఖరి కాగితంతో మొదలుపెట్టి.