గంధం పెట్టిన మానిటర్

మా హెడ్మాస్టర్ రాజమల్లు గారి గదిలోకి చెప్పులతో వెళ్లవచ్చు. కంప్యూటర్ దగ్గరికి మాత్రం వెళ్లకూడదు. ఆ గదిలోనే ఒక మూలకు సున్నంతో గీత గీయించారు. గీతకు ఇవతల బడి, అవతల గర్భగుడి. హనుమకొండలోని మా ఆడపిల్లల హైస్కూలుకు ఎనభై అయిదులో ప్రభుత్వం పంపిన యంత్రం అది. ఇళ్లల్లో వాడుకోవడానికి బయటి దేశంలో చేసిన చిన్న కంప్యూటరట. మీటల పలకే కంప్యూటర్. దానికి జోడీగా ఎవరో వాడి వదిలేసిన పాత మానిటర్. రెంటి మీదా హెడ్మాస్టర్ గారి భార్య పట్టుచీర ముక్క కప్పి ఉండేది. రెండేళ్లలో ఒక్క విద్యార్థిని చేతికీ ఆ మీటలు తగలలేదు. ఊళ్లో పెద్దమనుషులెవరైనా వస్తే చీరముక్క తీసేవారు. వాళ్లు "అబ్బో" అనేవారు. మళ్లీ కప్పేసేవారు. దీన్ని ఆయన కంప్యూటర్ విద్య అనేవారు.

దాన్ని నిజంగా వాడిన మనిషి ఒక్కతే. లెక్కల టీచర్ రాజేశ్వరి. నా భార్య. హైదరాబాదులో శిక్షణకు ఆమెను పంపారు, ఎందుకంటే ఆ వారం హెడ్మాస్టర్ గారి మేనకోడలి పెళ్లి. మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళ ఆమె చెప్పులు విడిచి, గీత దాటి కూర్చుని ఒక ప్రోగ్రాం రాసింది. తెర మీద చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికలు తిప్పి ముగ్గు వేసే ప్రోగ్రాం. దాన్ని పాత పాటల కేసెట్ మీద రికార్డు చేసి పెట్టుకుంది. పదో తరగతి పిల్లలకు చూపించాలనుకుంది. శ్రావణంలో ఆమెకు కామెర్లు వచ్చాయి. దాని గురించి ఇంతకంటే రాయను.

ఆ తర్వాత దసరా దాకా యంత్రాన్ని ఎవరూ ముట్టలేదు. దసరాకు వైర్లన్నీ ఊడదీసి, తుడిచి, ఆయుధపూజ చేశారు. పూజయ్యాక వైర్లు పెట్టి స్విచ్ వేస్తే మానిటర్ మీద ఎర్ర దీపం వెలిగింది. తెర నల్లగా ఉండిపోయింది.

కారణం కనుక్కోవడానికి రాజమల్లు గారు కష్టపడలేదు. "మేడం అండ్ల ఏందో ఎక్కిచ్చింది. ముగ్గులంట! సర్కారు మిషన్ల ముగ్గులేసుడేంది? గందుకే తెర కాలిపోయింది" అని స్టాఫ్‌రూంలో అందరి ముందూ అన్నారు. బదులు చెప్పే మనిషి లేదు గనుక ఆ కారణం ఆయనకు బాగా నచ్చింది. పాడైన యంత్రాన్ని వెనక్కి తీసుకుపోవడానికి సోమవారం జిల్లా ఆఫీసర్ వస్తారు. ఆయనకూ ఇదే చెబుతానన్నారు.

నేను తెలుగు చెప్పే పంతులిని. యంత్రం ఉంటే ఏమి, పోతే ఏమి. రాజేశ్వరి చెడగొట్టిందన్న మాట మాత్రం బడిలో మిగలకూడదు.

శనివారం బడి వదిలాక, చౌరస్తాలో టీవీలు బాగుచేసే ముక్తార్‌ను వెంటబెట్టుకొచ్చాను. సున్నపు గీత దగ్గర హెడ్మాస్టర్ అతన్ని ఆపారు.

"చెప్పులిడువు."

"క్యా సాబ్, గిది మిషనా, దర్గానా?"

"ఏదన్న అనుకో. ముందుగాల ఇడువు."

ముక్తార్ చెప్పులు విడిచి, మానిటర్ అద్దాన్ని గోటితో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి విన్నాడు. "ట్యూబ్ ఖతం" అన్నాడు. "పాత మాల్ సాబ్. నేనే తీస్కపోయి దుకాన్ల పడేస్త. మీకు ఫికరే ఉండదు."

"నేను జెప్పలే?" హెడ్మాస్టర్ ముఖం వెలిగిపోయింది. "ముగ్గు ట్యూబును మింగింది."

"విప్పి చూడకుండానే ఎలా చెప్పావు?" అని ముక్తార్‌ను అడిగాను.

"తజురుబా సాబ్. ఇరవై ఏండ్ల తజురుబా."

మా బడిలోనూ అనుభవాన్ని దీనికే వాడతారు, చూడకుండా చెప్పడానికి. కనీసం వైరు ఒకసారి తీసి పెట్టమన్నాను. నా మాట తీసేయలేక అతను మానిటర్ వెనక నుంచి, కంప్యూటర్ బొమ్మను తెరకు తెచ్చే వైరు లాగాడు. అది రాలేదు. మోకాలు బల్లకు ఆనించి గుంజితే ఊడి వచ్చింది. దాని కొస ఎర్రగా ఉంది. నేను కళ్లద్దాలు పెట్టుకుని, అది ఊడిన రంధ్రంలోకి చూశాను. లోపల కూడా ఎరుపే. దగ్గరగా ముఖం పెడితే గంధం వాసన వచ్చింది.

"సార్, పూజ రోజున బొట్లు ఎక్కడెక్కడ పెట్టారు?"

"అన్నిటికి పెట్టిన" అన్నారు హెడ్మాస్టర్, గర్వంగానే. "ముందట పెట్టి ఎనక ఇడిసిపెడ్తే పూజెట్లయితది సారూ? ఎన్ని తొర్రలున్నయో అన్నిటికి గంధం, కుంకుమ. అగ్గిపుల్లతోని లోపల్దాక పెట్టిన. మొగిలమ్మనే అరగదీసిచ్చింది, అడుగుండ్రి."

మొగిలమ్మ మా బడి ఆయా. గీతకు ఇవతల చీపురు పట్టుకుని నిలబడి ఉంది. "నేను అరగదీసుడే జేసిన. తొర్రలల్ల పెట్టుమని నేను జెప్పలే" అంది.

ఆరిన గంధం సిమెంటులా పట్టి ఉంది. ముక్తార్ స్పిరిట్ పోసి, సూదితో గీకి, గొణుక్కుంటూ ఎర్రటి పొడి బయటికి తీశాడు. తీసిందంతా కాగితం మీద పోశాడు. ఒక ముత్తయిదువకు బొట్టు పెట్టడానికి సరిపోతుంది. "ఎంత సాఫ్ చేసినా ఫాయిదా లేదు. ట్యూబ్ ఖతమే" అంటూనే వైరు పెట్టి స్విచ్ వేశాడు.

తెర ఆకుపచ్చగా వెలిగింది.

"చూసిండ్రా! ట్యూబ్ మస్తుగున్నది. నేను జెప్పలే?" అన్నాడు ముక్తార్.

ఆ మధ్యాహ్నం ఎవరికి వారు ముందే చెప్పినవాళ్లే.

ఏ మీటలు నొక్కాలో రాజేశ్వరి ఇంట్లో అన్నం వడ్డిస్తూ నాకు చాలాసార్లు చెప్పింది. నేను వింటున్నట్టు నటించేవాడిని, నిజంగానే విన్నానని ఇప్పుడు తెలిసింది. ఇంటి నుంచి తెచ్చిన టేప్‌రికార్డర్ తగిలించి, ఆమె కేసెట్ వేశాను. కీచుమని మోత మొదలైంది. హెడ్మాస్టర్ చెవులు మూసుకున్నారు. "ఇదేం పాటయ్యా! మళ్ల కాల్తది, బంద్ జెయ్యి!"

మోత ఆగింది. తెర మీద ఒక చుక్క పడింది. దాని పక్కన ఇంకొకటి. వరుసలు నిండాక, కింది మూల నుంచి ఒక గీత బయలుదేరి చుక్కల మధ్య మెలికలు తిరగసాగింది. నెమ్మదిగా, తొందరలేకుండా. అది మా వాకిట్లో ముగ్గు. శ్రావణం నుంచి మా వాకిట్లో నీళ్లు చల్లడమే తప్ప ముగ్గు లేదు.

మొగిలమ్మ చీపురు కింద పెట్టింది. "సారూ, ఏడాదన్న నిండలే. మీ ఇంటి ముగ్గు అప్పుడే పడొద్దు."

"నేను వెయ్యలేదు మొగిలమ్మా. ఆమే వేసింది."

మొగిలమ్మ సున్నపు గీత అంచుకు వచ్చి తెరకేసి చూసింది. హెడ్మాస్టర్ గారికి ఓపిక చాలలేదు. "చూసినం గద, చాలు" అంటూ స్విచ్ మీదికి చెయ్యి చాచారు.

"అయ్యో పెద్దసారూ!" మొగిలమ్మ గట్టిగా అరిచింది. "ముగ్గు నడిమిట్ల ఆపుతరా? మొదలు, కొస కలువాలె. గంత మాత్రం తెల్వదా?"

యంత్రానికి ఏమవుతుందోనని ఆయన ఎప్పుడూ ఆగలేదు. ఆచారం అనేసరికి చెయ్యి వెనక్కి పోయింది. గీత చుట్టూ తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి కలిసింది.

"ఆఫీసర్ గారికి ఏం చెబుతారు సార్?" అని అడిగాను.

ఆయన నావైపు చూడలేదు. "చెప్త తియ్యుండ్రి, ఏదో ఒకటి" అన్నారు.

సోమవారం ఆఫీసర్ వచ్చి ముగ్గు చూసి, యంత్రం బడిలోనే ఉండనివ్వమన్నారు. "మా రాజేశ్వరి మేడం చేసిన ప్రోగ్రాం సార్, నా గైడెన్స్‌ల" అన్నారు రాజమల్లు గారు. తప్పు అయినప్పుడు ఆమె పేరొక్కటే ఉండేది. ఒప్పు అయ్యాక పక్కన ఆయనా చేరారు. ఆమె పేరు ముందు వచ్చింది, అది చాలు. మర్నాడు పదో తరగతి పిల్లలను వరుసగా తీసుకొస్తానన్నాను. ఆఫీసర్ ముందు గనుక ఆయన సరేనన్నారు.

జీపు గేటు దాటగానే సంతోషం పట్టలేక కేకేశారు. "మొగిలమ్మా! గంధం గిన్నె తే. కుంకుమ గూడ!"

నేను లేచి మానిటర్ వెనక్కి వెళ్లి నిలబడ్డాను.